చీటీ లేకుండా దొరికే మాత్ర

తర్లుపాడుకు మార్కాపురం దగ్గరే. రైలుంది, బస్సుంది, ఆటోలున్నాయి. అయినా ఒక ఆడమనిషి డాక్టరు దగ్గరికి పోవాలంటే దూరం ఒక్కటే లెక్క కాదు. ఆ రోజు కూలి పోతుంది. చంటిబిడ్డను ఎవరికో అప్పజెప్పాలి. "యాడికి పోతున్నావు?" అని అత్త అడుగుతుంది. జ్వరమైతే జవాబు చెప్పొచ్చు. బిడ్డలు ఇప్పుడే వద్దు, మాత్రలు తెచ్చుకుంటానని ఎట్లా చెబుతుంది? చెప్పలేకనే చాలామంది ఊరుకుంటారు. పెద్దబిడ్డ పాలు మానకముందే మళ్ళీ నెల తప్పుతుంది.

గర్భం రాకుండా రోజూ వేసుకునే మాత్రకు డాక్టరు చీటీ అక్కర్లేదు. మందుల షాపులో అడిగితే ఇస్తారు. ఇది చాటుమాటుగా ఇచ్చేది కాదు. చట్టం ఒప్పుకున్నదే.

మందుల అమ్మకానికి మన దేశంలో 1945 నుంచి నిబంధనలు ఉన్నాయి. డాక్టరు చీటీ చూసే అమ్మాల్సిన మందులకు అందులో ఒక పట్టీ ఉంది. దాన్ని 'షెడ్యూల్ హెచ్' అంటారు. హార్మోన్ల మందులు చాలావరకు ఆ పట్టీలోవే. అయితే కొన్ని గర్భనిరోధక మాత్రలను ఆ నియమం నుంచి తప్పించారు. మాలా-డి అట్లాంటిదే. 1980ల చివరి నుంచి షాపుల్లో తక్కువ ధరకు అమ్ముతున్నారు. అదే మందు ఉన్న మాలా-ఎన్‌ను సర్కారు ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు.

ఒక వింత చూడండి. గర్భం రాకుండా మాత్ర మొదట 1960లో అమెరికాలో వచ్చింది. అంత పెద్ద దేశంలో రోజువారీ మాత్రను చీటీ లేకుండా అమ్మడానికి 2023 జులైలో గాని అనుమతి రాలేదు. ఆ మాత్ర షాపుల్లోకి వచ్చేసరికి 2024 మార్చి అయింది. అక్కడి ఆడవాళ్ళు అరవై ఏళ్ళకు పైగా చీటీ కోసం ఎదురుచూశారు. తర్లుపాడు ఆడమనిషికి ఆ సౌకర్యం ఎప్పుడో ఉంది. ఉందని తెలిసినవాళ్ళు తక్కువ, అంతే.

ఎంత తక్కువో లెక్కలున్నాయి. 2019-21లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ పెళ్ళయిన ఆడవాళ్ళలో నూటికి దాదాపు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. మాత్ర వాడేవాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరు. మన వైపు కుటుంబ నియంత్రణ అంటే ఆపరేషనే. పద్దెనిమిదికో, అంతకంటే ముందో పెళ్ళి. వెంటవెంటనే ఇద్దరు బిడ్డలు. పాతికేళ్ళు నిండకముందే ఆపరేషన్. నడుమ ఇంకో దారి ఉందని ఎవరూ చెప్పరు.

ఇది ఆడవాళ్ళ తప్పు కాదు. ఏళ్ళ తరబడి నర్సులకు ఆపరేషన్ల లెక్క అప్పజెప్పారు. ఇన్ని కేసులు తేవాలని పైనుంచి ఒత్తిడి ఉండేది. 1996లో దేశమంతటా ఆ లక్ష్యాలు ఎత్తేశారు. అలవాటు మాత్రం అంత త్వరగా పోలేదు.

ఇక బిడ్డలు చాలనుకున్నవాళ్ళకు ఆపరేషన్ మంచిదే. బిడ్డకూ బిడ్డకూ ఎడం కావాలనుకునేవాళ్ళ సంగతి వేరు. కాన్పయ్యాక కనీసం రెండేళ్ళు ఆగి మళ్ళీ గర్భం దాల్చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కాన్పులో పోయిన రక్తం మళ్ళీ పట్టాలి. చంటిబిడ్డకు కడుపునిండా పాలు దొరకాలి. కొత్తగా పెళ్ళయిన పిల్ల ఒళ్ళు గట్టిపడాలి. ఆ రెండేళ్ళు గడవడానికి ఉన్న సాధనాల్లో మాత్ర ఒకటి.

మాత్ర ఏం చేస్తుంది?

ప్రతి నెలా ఆడవాళ్ళ పొత్తికడుపులో ఒక అండం విడుదల అవుతుంది. మగవాడి వీర్యకణం దాన్ని కలిస్తే గర్భం వస్తుంది. ఈ మాత్ర వేసుకుంటే అండం విడుదల కాదు. గర్భసంచి మూతి దగ్గర ఉండే జిగురు కూడా చిక్కబడుతుంది. వీర్యకణం లోపలికి పోలేదు.

మాత్రలు కడుపులో పోగుపడి గడ్డ కడతాయని కొందరు అంటారు. అది నిజం కాదు. అన్నం అరిగినట్టే మాత్రా అరిగిపోతుంది. రోజుకొకటి వేసుకోవాల్సి రావడం అందుకే. మాత్రలు వాడితే ఇక పిల్లలే పుట్టరని ఇంకో మాట ఉంది. అదీ తప్పే. మాత్ర ఆపాక కొద్ది నెలల్లోనే చాలామందికి గర్భం వస్తుంది.

పేకెట్టు చదవడం

మార్కాపురం పలకల మీద ఎందరో అక్షరాలు దిద్దారు. అట్లా నేర్చిన అక్షరాలకు ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. మందు పోయేది మన ఒంట్లోకి. దాని అట్ట మీద రాత మాత్రం చాలావరకు ఇంగ్లీషులో, హిందీలో ఉంటుంది. తెలుగులో పెద్ద అక్షరాలతో అచ్చు వేస్తే వీళ్ళ సొమ్మేం పోతుందో! అయినా అంకెలు అన్ని భాషలకూ ఒక్కటే. అంకెలు వస్తే సగం పని అయినట్టే.

ముందు గడువు తేదీ చూడాలి. నెల, సంవత్సరం అచ్చు వేసి ఉంటాయి. తేదీలు రెండుంటాయి. మొదటిది తయారు చేసింది. రెండోది గడువు. 08/2027 అని ఉంటే 2027 ఆగస్టు దాకా పనికొస్తుంది. ఆ నెల దాటితే వాడకూడదు. తరవాత ధర. అట్ట మీద ఉన్న ధర కంటే ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వక్కర్లేదు.

ఇంకొకటి చూడాలి. మందు అట్ట మీద పైన ఎడమవైపు 'ఆర్‌ఎక్స్' అనే ఇంగ్లీషు గుర్తు ఉంటే అది డాక్టరు చీటీతో కొనాల్సిన మందు. మొటిమలకు, అండాశయాల్లో నీటి బుడగలకు డాక్టర్లు రాసే మాత్రలు కొన్ని ఉన్నాయి. అవీ గర్భం రాకుండా ఆపుతాయి. వాటిలో కొన్నింటికి చీటీ కావాలి. పక్కింటామె వేసుకుంటున్నదని అవి తెచ్చుకోకూడదు.

మాలా-డి పేకెట్టులో 28 మాత్రలు ఉంటాయి. తెల్లవి 21. గోధుమరంగువి 7. గర్భం రాకుండా ఆపేది తెల్లవి. గోధుమరంగువి ఇనుము మాత్రలు. అవి రక్తం పట్టడానికీ, రోజూ వేసుకునే అలవాటు తప్పకుండా ఉండడానికీ. ఏ మాత్ర తరవాత ఏది వేసుకోవాలో బాణం గుర్తులు చూపిస్తాయి. కొన్ని కంపెనీల పేకెట్టులో 21 మాత్రలే ఉంటాయి. అవి అయిపోయాక 7 రోజులు ఊరుకుని, ఎనిమిదో రోజున కొత్త పేకెట్టు మొదలుపెట్టాలి.

ఎట్లా వేసుకోవాలి?

ముట్టు మొదలైన రోజు నుంచి అయిదో రోజు లోపల మొదటి తెల్లమాత్ర వేసుకోవాలి. తరవాత రోజుకొకటి. రాత్రి అన్నం తిన్నాక అని పెట్టుకుంటే మరిచిపోరు. మొగుడు ఊళ్ళో ఉన్నా లేకపోయినా వేసుకోవాలి. కలిసిన రోజునే వేసుకుంటే చాలనుకోవడం చాలామంది చేసే పొరపాటు. తెల్లవి అయ్యాక గోధుమరంగువి. ఆ ఏడు రోజుల్లో ముట్టు వస్తుంది. 28 అయిపోయిన మర్నాడే కొత్త పేకెట్టు మొదలుపెట్టాలి. అప్పటికి ముట్టు ఆగకపోయినా సరే.

ఒక తెల్లమాత్ర మరిచిపోతే గుర్తు రాగానే వేసుకోవాలి. ఆ రోజు మాత్ర ఆ రోజు వేళకు మామూలుగా వేసుకోవాలి. ఒకే రోజు రెండు పడినా భయం లేదు. వరసగా రెండు గాని అంతకంటే ఎక్కువ గాని మరిచిపోతే జాగ్రత్త పడాలి. గుర్తు రాగానే ఒకటి వేసుకుని, మిగతావి రోజూ వేసుకుంటూ పోవాలి. ఏడు రోజుల పాటు నిరోధ్ వాడాలి, లేదా దూరంగా ఉండాలి. ఈ మరుపు చివరి ఏడు తెల్లమాత్రల్లో జరిగితే, తెల్లవి అయిపోగానే గోధుమరంగువి పారేసి కొత్త పేకెట్టు మొదలుపెట్టాలి. గోధుమరంగు మాత్ర మరిచిపోతే చింత లేదు. దాన్ని పారేసి తరవాతది వేసుకోవచ్చు. వేసుకున్న రెండు గంటల లోపల వాంతి అయితే ఇంకొకటి వేసుకోవాలి.

డాక్టరు అడిగే ప్రశ్నలు

అసలు సంగతి ఇక్కడుంది. చీటీ అక్కర్లేదు అంటే అడగాల్సినవి అడగక్కర్లేదని కాదు. డాక్టరు దగ్గరికి పోతే ఆమె కొన్ని ప్రశ్నలు వేస్తుంది. షాపుకు పోయేవాళ్ళు ఆ ప్రశ్నలు ముందే తమకు తాము వేసుకోవాలి.

బీపీ ఉందా? ఈ ప్రశ్నకు జవాబు చాలామందికి తెలియదు. బీపీ పైకి కనిపించే జబ్బు కాదు. ఊళ్ళో నర్సమ్మ దగ్గర గాని, ఆరోగ్య కేంద్రంలో గాని పట్టీ కట్టి చూస్తారు. రెండు అంకెలు చెబుతారు. పై అంకె 140, కింది అంకె 90. వీటిలో ఏది దాటినా తెల్లమాత్ర వద్దు.

35 ఏళ్ళు దాటాయా? చుట్టో బీడీయో తాగుతారా? రెండూ ఉంటే మాత్ర వద్దు. గుండెపోటు, పక్షవాతం వచ్చే ప్రమాదం పెరుగుతుంది.

బిడ్డకు పాలిస్తున్నారా? బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా ఈ మాత్ర వద్దు. పాలు తగ్గిపోవచ్చు. పాలివ్వని బాలింతలు కూడా ఆరు వారాలు ఆగి, నర్సమ్మను అడిగి మొదలుపెట్టాలి.

కాళ్ళలో గాని, ఊపిరితిత్తుల్లో గాని ఎప్పుడైనా రక్తం గడ్డకట్టిందా? గుండెజబ్బు, పక్షవాతం వచ్చాయా? కామెర్లు, కాలేయం జబ్బు ఉన్నాయా? రొమ్ములో గడ్డ ఉందా? కళ్ళ ముందు మెరుపులు వచ్చి, తరవాత ఒక పక్క తలనొప్పి వస్తుందా? చాలా ఏళ్ళ నుంచి చక్కెర జబ్బు ఉందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా షాపుకు పోకూడదు. డాక్టరు దగ్గరికే పోవాలి.

క్షయకు మందులు వాడుతున్నారా? మూర్ఛకు వాడుతున్నారా? ఇది చాలామంది చెప్పని విషయం. షాపులో ఎవరూ అడగరు కూడా. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్, మూర్ఛకు ఇచ్చే కొన్ని మాత్రలు గర్భనిరోధక మాత్ర బలాన్ని తగ్గిస్తాయి. రోజూ తప్పకుండా వేసుకున్నా గర్భం రావచ్చు. అట్లాంటివాళ్ళు వేరే సాధనం అడగాలి.

ఇప్పటికే నెల తప్పిందా? అనుమానం ఉంటే ముందు మూత్రం పరీక్ష చేయించుకోవాలి. ఆశా కార్యకర్త దగ్గర కిట్టు ఉంటుంది.

షాపులో

ఊరి షాపులో సిగ్గు పడడం మామూలే. షాపతను మామకు తెలిసినవాడై ఉంటాడు. పక్కన నలుగురు మగవాళ్ళు నిలబడి ఉంటారు. అందుకని కొందరు "మాత్రలు ఇయ్యన్నా" అని గొణుగుతారు. ప్రమాదం అక్కడే మొదలవుతుంది. ఎందుకంటే ఆడవాళ్ళు మందుల షాపులో అడిగే మాత్రలు ఒక రకం కాదు.

ఊళ్ళో జాతర ఉంది, శ్రీశైలం పోవాలి, ముట్టు వాయిదా పడాలి అని అడిగే మాత్ర ఒకటుంది. అది గర్భం రాకుండా ఆపడానికి కాదు. దాన్నే నెలనెలా వేసుకుంటూ ధైర్యంగా ఉన్నవాళ్ళు నెల తప్పాక లబోదిబోమంటారు.

ఏ అడ్డూ లేకుండా కలిసినప్పుడు మర్నాడు వేసుకునే మాత్ర ఇంకొకటి. దీన్ని 2005 నుంచి చీటీ లేకుండా అమ్ముతున్నారు. కలిసిన 72 గంటల లోపల వేసుకోవాలి. ఎంత ముందు వేసుకుంటే అంత మంచిది. ఇది ఆపదలో వేసుకునేది. ప్రతిసారీ ఇదే వేసుకుంటే ముట్టు దారి తప్పుతుంది. రోజువారీ మాత్ర ఆపినంతగా ఇది గర్భాన్ని ఆపలేదు కూడా. అప్పటికే వచ్చిన గర్భాన్ని ఇది పోగొట్టదు.

వచ్చిన గర్భాన్ని తీసేసే మాత్రలు వేరు. వాటికి డాక్టరు చీటీ తప్పనిసరి. చీటీ లేకుండా షాపతను ఇచ్చినా తీసుకోకూడదు. ఎన్ని నెలలో తెలియకుండా, గర్భం గొట్టంలో ఉందో సంచిలో ఉందో చూడకుండా వేసుకుంటే రక్తం ఆగక ప్రాణం మీదికి రావచ్చు. గర్భం తీయించుకోవడానికి 1971 నుంచి చట్టం ఉంది. డాక్టరు దగ్గరికి పోవడం నేరం కాదు.

కాబట్టి మాత్ర పేరు గట్టిగా చెప్పాలి.

"అన్నా, మాలా-డి ఉందా?"

"ఉందమ్మా. ఎన్ని కావాల?"

"ఒకటి చాలు. తేదీ ఏది? చూపించు."

"ఇదిగోమ్మా, ఈడ. ఇంకా ఏడాదిన్నర ఉంది."

"నాకు బీపీ లేదన్నారు. బిడ్డకు పదో నెల. వేసుకోవచ్చునా?"

"ఏమన్నా మందులు వాడుతున్నావామ్మా?"

"లేదన్నా."

"అయితే ఈసారి ముట్టు వచ్చినాక మొదలుపెట్టు."

ఇంతే మాట. నోటితో చెప్పలేనివాళ్ళు చీటీ మీద 'మాలా-డి, 1 పేకెట్టు' అని రాసి ఇవ్వొచ్చు. అక్షరం వచ్చినవాళ్ళకు ఇది డాక్టరు రాయని చీటీ. మందుల షాపులో చదువుకున్న ఫార్మసిస్టు ఉండాలని చట్టం చెబుతుంది. కుర్రవాడు ఒక్కడే ఉంటే, ఫార్మసిస్టు ఎప్పుడు వస్తాడో కనుక్కుని అప్పుడు పోవడం మేలు.

పాలిచ్చే తల్లికి వేరే మాత్ర

బిడ్డకు ఆరు నెలలు నిండని తల్లి ఏం చేయాలి? ఆమెకు ఇంకో మాత్ర ఉంది. దాన్ని మన దేశంలోనే, లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో కనుక్కున్నారు. అందులో హార్మోన్లు లేవు. షాపుల్లో 'సహేలి' పేరుతో 1990ల మొదట్లో వచ్చింది. సర్కారు ఆసుపత్రుల్లో 'ఛాయ' పేరుతో ఉచితంగా ఇస్తున్నారు. పాలిచ్చే తల్లులు వేసుకోవచ్చు. దీనికీ చీటీ అక్కర్లేదు.

ఇది రోజూ వేసుకునేది కాదు. మొదటి మూడు నెలలు వారానికి రెండు. ముట్టు మొదలైన రోజు ఆదివారమైతే ఆదివారం ఒకటి, బుధవారం ఒకటి. నాలుగో నెల నుంచి ఆదివారం ఒక్కటే. సంత రోజు గుర్తున్నట్టే మాత్ర రోజూ గుర్తుంటుంది. దీనితో కొందరికి ముట్టు ఆలస్యంగా వస్తుంది. పదిహేను రోజులు దాటినా రాకపోతే పరీక్ష చేయించుకోవాలి. అండాశయాల్లో నీటి బుడగలు ఉన్నవాళ్ళకూ, కాలేయం, కిడ్నీ జబ్బులవాళ్ళకూ ఇది పనికిరాదు.

మొదటి నెలల్లో

తెల్లమాత్ర మొదలుపెట్టిన కొత్తలో కడుపులో వికారం, కొద్దిగా తలనొప్పి, రొమ్ముల సలుపు ఉండవచ్చు. నడుమ నడుమ మైల కనిపించవచ్చు. రెండు మూడు నెలల్లో ఇవి చాలామందికి తగ్గుతాయి. మాత్ర ఆపేసేది ఎక్కువగా ఈ రోజుల్లోనే. వికారానికి రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటే కొంత నయం. మేలు కూడా ఉంది. ముట్టులో పోయే రక్తం తగ్గుతుంది. కడుపునొప్పి తగ్గుతుంది. రక్తం తక్కువగా ఉన్న ఆడవాళ్ళకు అది చిన్న విషయం కాదు.

కొన్ని మాత్రం ఓర్చుకునేవి కావు. పిక్కలో నొప్పి, వాపు. గుండెలో నొప్పి, ఆయాసం. భరించలేని తలనొప్పి. చూపు మసకబారడం. కడుపులో గట్టి నొప్పి. కళ్ళు పచ్చబడడం. వీటిలో ఏది వచ్చినా మాత్ర ఆపి అదే రోజు ఆసుపత్రికి పోవాలి. రాత్రయినా 108కు ఫోన్ చేయాలి.

సుఖరోగాలను, ఎయిడ్స్‌ను ఈ మాత్రలేవీ ఆపవు. మొగుడు లారీ మీద పోతున్నా, దూరదేశం పనికి పోయి వస్తున్నా, అనుమానం ఉంటే నిరోధ్ కూడా కావాలి. ఈ మాట ఇంట్లో ఎత్తడం షాపులో అడగడం కంటే కష్టం.

డబ్బు పెట్టలేనివాళ్ళు

ఆరోగ్య కేంద్రంలో, నర్సమ్మ దగ్గర మాలా-ఎన్, ఛాయ డబ్బు లేకుండా ఇస్తారు. ఆశా కార్యకర్త ఇంటికే తెచ్చి ఇచ్చే పథకం 2011లో మొదలైంది. ఇంటికి తెచ్చినందుకు పేకెట్టుకు ఒక్క రూపాయి అని పెట్టారు. మరి షాపు ఎందుకు? నర్సమ్మ దగ్గర సరుకు అయిపోయినప్పుడు. ఆశా కార్యకర్త సొంత ఆడబిడ్డే అయి, ఆమెకు చెప్పడం ఇష్టం లేనప్పుడు. ముఖ్యంగా వలస పోయినప్పుడు.

పనులు లేని కాలంలో మన వైపు నుంచి ఎందరో గుంటూరు వైపు మిరపకోతలకు పోతారు. హైదరాబాదు కట్టుబడి పనులకు పోతారు. అక్కడ నర్సమ్మ ఎవరో తెలియదు. పేకెట్టు అయిపోతుంది, ఊరికి పోయాక చూద్దాం అనుకుంటారు. ఊరికి వచ్చేసరికి మూడో నెల. అందుకని మూట కట్టేటప్పుడే లెక్క చూసుకోవాలి. ఒక పేకెట్టు నాలుగు వారాలకు వస్తుంది. రెండు నెలలు ఉండాల్సి వస్తే మూడు పేకెట్లు పెట్టుకోవాలి. ఒకటి ఎక్కువే. మూడింటి గడువు తేదీలూ చూసుకోవాలి. ఎండ తగలకుండా, తడవకుండా, పిల్లల చేతికి అందకుండా పెట్టుకోవాలి. అయిపోతే అక్కడి షాపులో పాత అట్ట చూపిస్తే చాలు. ఆ పేరే ఇస్తారు. అందుకే ఆఖరి మాత్ర వేసుకున్నా, కొత్తది చేతికి వచ్చేదాకా ఖాళీ అట్ట పారేయకూడదు.